రాయి మీద ఎవరి పేరు

చెక్కడం ఆపమని రాళ్ళ దుకాణానికి ఫోను చేసింది పరాయివాళ్ళెవరూ కాదు, తమ వెనకగదిలో ఉండే దోరా చిన్నత్తేనని తెలిసి హుల్డా ఫోస్లర్ రిసీవరు చెవికి ఆనించుకుని కొయ్యబారిపోయింది. కిందటి వారం ఆమెను మనం అక్కడే వదిలేశాం.

ఆ రాయి కోసం ఆమె పడ్డ యాతన ఇంతా అంతా కాదు మరి. హుల్డా మామగారు యాకోబ్, అత్తగారు క్రిస్టీనా తమ మూడేళ్ళ కొడుకు రైన్‌హోల్డ్‌ని చంకనేసుకుని, రష్యాలోని జర్మన్ పల్లె వదిలి, ఓడెక్కి, రైలెక్కి అమెరికాలో ఈ డకోటా గడ్డినేల మీద దిగి అరవై ఏళ్ళయింది. మొదట్లో మట్టిగడ్డలు పేర్చి ఇల్లు కట్టుకున్న చోట వాళ్ళ పేర్లతో ఒక రాయి నిలబెట్టాలని కొడుకులిద్దరూ అనుకున్నారు. అనుకోవడం ఆలస్యం, తగువు మొదలైంది. మట్టిల్లు కంచెకు ఇవతల, తన పొలంలోనే ఉండేదని హుల్డా మొగుడు రైన్‌హోల్డ్. కాదు, అవతల, తన పొలంలోనని మరిది ఎడ్విన్. నాన్న పేరు ముందుండాలని ఒకడు, అమ్మ పేరు పెద్దక్షరాల్లో ఉండాలని ఇంకొకడు. గోధుమ కోతల మధ్యలో కూడా ట్రాక్టర్లు ఆపి, కంచెకు అటొకడు ఇటొకడు నిలబడి అరుచుకున్నారు. ఇద్దరి మధ్యా కాళ్ళరిగేలా తిరిగి, ఒకరికి కాఫీ పోసి, ఒకరికి చీవాట్లు పెట్టి, సరిగ్గా కంచె మీదే రాయి నిలిపేటట్టూ, రెండు పేర్లూ ఒకే సైజులో ఉండేటట్టూ హుల్డా ఒప్పించింది. వచ్చే ఆదివారం చర్చి అయ్యాక అక్కడ ప్రార్థన. చుట్టాలందరికీ కబురు కూడా వెళ్ళింది.

ఇప్పుడీ ఫోను.

"ఏమని చెప్పింది ఆవిడ?" అంది హుల్డా.

"పేరు తప్పు, ఉలి కింద పెట్టు అన్నారమ్మా," అన్నాడు దుకాణం వాడు. "ఏ పేరండీ అంటే ఆడమనిషి పేరన్నారు. పోనీ సరైనది చెప్పండి అంటే, అది మా కోడలికి చెప్పుకుంటాను, నీకు కాదు అని పెట్టేశారు. యాకోబ్ వరకూ చెక్కేశాను. మధ్యాహ్నం దుకాణం మూసేలోగా మీరేదో ఒకటి చెప్పకపోతే ఆదివారానికి అవదు. ఆ తర్వాత నన్ననొద్దు."

లైనులో ఎవరో తుమ్మారు. చుట్టుపక్కల ఇళ్ళన్నీ ఆ ఒక్క లైను మీదే ఉన్నాయి. ఒకరింట్లో మోగితే అందరూ ఎత్తుతారు.

"బెర్టా, విన్నది చాలు, పెట్టెయ్," అంది హుల్డా.

ఒక్క బెర్టా కాదు, ఇంకెవరెవరో కూడా టకటకా పెట్టేసిన చప్పుడు వినిపించింది. అంటే మధ్యాహ్న భోజనాలవేళకు సంగతి ఊరు దాటుతుంది.

హుల్డా చేతులు ఏప్రనుకు తుడుచుకుని పెరట్లోకి నడిచింది. పొయ్యి మీద సూపు ఉడుకుతోంది, అందులో పిండి ముద్దలు ఇంకా వెయ్యలేదు. కూకెన్ అనే తీపిరొట్టె కోసం కలిపిన పిండి పొంగి గిన్నె అంచులు దాటుతోంది. ముప్పైయెనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో ఏ రోజు చూసినా ఇంతే. చేతిలో పని ఉన్నప్పుడే ఫోస్లర్ల బుర్రలో పురుగు తొలుస్తుంది.

పెరట్లో విడిగా కట్టిన వేసవి వంటగదిలో దోరా చిన్నత్త స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య పెద్ద జాడీ పెట్టుకుని, తురిమిన క్యాబేజీని ఊరవెయ్యడానికి ఉప్పుతో కలిపి రోకలితో దంచుతోంది. ఎనభై ఆరేళ్ళు. మనిషి ఎండుకొమ్మలా ఉంటుంది గాని చేతుల్లో సత్తువ తగ్గలేదు. హుల్డా అత్తగారు క్రిస్టీనాకు చెల్లెలు. అక్కాబావలు వచ్చి స్థిరపడిన నాలుగేళ్ళకు ఆమె కూడా రష్యా నుంచి వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. వచ్చిన నాటి నుంచీ ఈ ఇంట్లోనే ఉంది, ఈ ఇంటిని ఏలింది. బావ పోయాడు, అక్క పోయింది. ఆమె మాత్రం ఇంకా కోడలి వంటలో ఉప్పు తక్కువైందని చెబుతూనే ఉంది.

"చిన్నత్తా!"

రోకలి ఆగలేదు.

"నిన్నే! రాళ్ళ దుకాణానికి ఫోను చేశావా?"

"చేశాను. నంబరు చూసుకోవడానికి కళ్ళజోడు దొరకలేదు. ఆపరేటరు పిల్లే కలిపింది. మంచి పిల్ల."

"పిల్ల మంచిదే! నువ్వు చేసిన పనేంటి? వసంతకాలం నుంచీ ఆ ఇద్దరు మొండిఘటాల్ని ఒక మాట మీదకు తేవడానికి నా తలప్రాణం తోకకొచ్చింది. మట్టిల్లు ఎటువైపుండేదో నువ్వొక్కదానివే చెప్పగలవు, చెప్పు చిన్నత్తా అని కాళ్ళా వేళ్ళా పడితే, 'నాకు గుర్తులేదు' అని మొహం తిప్పుకున్నావు. అన్నీ కుదిరాక ఇప్పుడు పేరు తప్పంటావా? క్రిస్టీనా అనే పేరులో తప్పేముంది? ఆవిడ సమాధి మీదా అదే ఉంది కదా!"

"ఉంది," అంది ముసలావిడ. "దానికి కూడా నేను ఒప్పుకోలేదు. నన్నెవరూ అడగలేదు గనక ఊరుకున్నాను."

"మరి ఇప్పుడెందుకు ఊరుకోలేదు?"

"ఈ క్యాబేజీలో ఉప్పు తక్కువేశావు."

హుల్డా వంగి ఆమె చేతిలోంచి రోకలి లాక్కుంది. ఇన్నేళ్ళలో అంత పని ఎప్పుడూ చెయ్యలేదు. లాక్కున్న రోకలి తిరిగివ్వలేదు.

"ఇదిగో చూడు. నేను పెద్దదాన్నయిపోయాను. నా మోకాళ్ళు నొప్పి. పొయ్యి మీద సూపు మాడుతోంది. ఆ దుకాణం వాడు నా మాట కోసం కూర్చున్నాడు. నీకు తెలిసిందేదో ఇప్పుడు నా మొహాన చెప్పు. లేకపోతే ఆదివారం ఆ చుట్టాలందరికీ నువ్వే వండు, నువ్వే వడ్డించు, రాయి మీద అక్షరాలు నువ్వే చెక్కుకో."

దోరా చిన్నత్త కోడలి ముఖం వైపు తేరిపార చూసింది. ఎప్పుడూ ఎర్రగా, నీరు కారుతూ ఉండే కళ్ళవి. వాటిని కొంగు లాంటి తలగుడ్డ అంచుతో ఒత్తుకుంది.

"తలుపు వెయ్యి," అంది. "కూర్చో. నిలబడితే పడిపోతావు."

హుల్డా తలుపు వేసింది. "నేనేం పడను, చెప్పు."

"సరే, నిలబడు. క్రిస్టీనా నేనే."

హుల్డాకు మొదట అర్థం కాలేదు. మతి చలించిందేమో అనుకుంది. పక్క ఊళ్ళో ఆ వయసు ముసలాయన ఒకడు తనను తాను రష్యా చక్రవర్తి అనుకునేవాడు.

"నాకు పిచ్చి పట్టిందనుకుంటున్నావు. నీ మొహంలోనే కనిపిస్తోంది. పట్టలేదు. యాకోబ్‌ని పెళ్ళి చేసుకున్నది నేను. ఆ పల్లెలో, మా చర్చిలో, మా అమ్మ తన పెళ్ళికి వేసుకున్న నల్లగౌనే వేసుకుని. రైన్‌హోల్డ్‌ని కన్నది నేను. ఓడ రేవుకు వచ్చేదాకా అంతా బాగానే ఉంది. అక్కడ డాక్టరు నా కనురెప్పలు పైకి తిప్పి చూశాడు. కళ్ళ జబ్బు, ఈమె ఎక్కడానికి వీల్లేదన్నాడు. యాకోబ్ కాళ్ళు పట్టుకున్నాడు. ఆ మనిషి పక్కవాళ్ళ కళ్ళు చూడ్డానికి వెళ్ళిపోయాడు."

"మరి అత్తగారు?"

"దొరొతియా. అసలు దోరా అదే. నా చెల్లెలు. దానికి ఆ రేవు పట్నంలోనే ఒకరింట్లో పని కుదిరింది. మాతో పాటు అక్కడి వరకే వచ్చింది. దానికి ఓడ టిక్కెట్టు కూడా లేదు. ఇక నేను ఎక్కకూడదు. పిల్లాడేమో తండ్రి దగ్గర ఒక్క పూట ఉండేవాడు కాదు. ఉన్నదంతా అమ్మేసి బయల్దేరాం, తిరిగి వెళ్ళడానికి ఇల్లు లేదు. నా శాలువా తీసి దానికి చుట్టాను. నా టిక్కెట్టు దాని చేతిలో పెట్టాను. ఎవరైనా అడిగితే క్రిస్టీనా ఫోస్లర్ అని చెప్పు, కళ్ళు బాగవగానే నేను నీ పేరు మీద వస్తాను, అప్పుడు మార్చుకుందాం అన్నాను. అది రానంది. ఏడ్చింది. నేనే వరసలోకి నెట్టాను. వీపు మీద చెయ్యేసి నెట్టాను హుల్డా. ఎవరూ బలవంతం చెయ్యలేదు. నేనే."

హుల్డా కూర్చుంది. కూర్చోవడానికి స్టూలేదీ లేదు, బంగాళదుంపల బస్తా మీద కూర్చుంది.

"కళ్ళు తొందరగా బాగవుతాయనుకున్నాను. నాలుగేళ్ళు పట్టింది. నేను ఇక్కడ రైలు దిగేసరికి అది చంకలో ఎడ్విన్‌తో నిలబడి ఉంది. కడుపులో ఇంకొకటి. పక్కనే పాస్టరు. 'ఫోస్లర్ అమ్మగారూ, మీ చెల్లెలు వచ్చిందిగా, ఇక మీకు సాయం' అన్నాడు దానితో. యాకోబ్ గుర్రాల కాళ్ళ వైపు చూస్తున్నాడు. తలెత్తలేదు."

"నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను? ప్లాట్‌ఫారం మీద నిలబడి నేనీయన పెళ్ళాన్నని అరిస్తే దాన్ని చర్చిలోంచి గెంటేసేవాళ్ళు. ఆ చంకలో పిల్లాడికి ఇంటిపేరుండేది కాదు. ఆయన్ని ఈ చుట్టుపక్కల ఎవరూ కోతలకు పిలిచేవాళ్ళు కాదు. దోరాని, అన్నాను. పాస్టరు చెయ్యి పట్టుకుని, దొరొతియానండీ, అన్నాను. అంతే. మళ్ళీ మార్చుకోవడం కుదరలేదు."

సూపు మాడిన వాసన పెరటి మీదుగా వచ్చింది. హుల్డా లేవలేదు. ఈ ఇంట్లో ఆమె అర్థం చేసుకోలేక వదిలేసినవి ఒక్కొక్కటీ వచ్చి ముందు నిలబడుతున్నాయి. అందరిళ్ళలోనూ పది, పన్నెండు మంది పిల్లలుంటే ఫోస్లర్లకు మాత్రం ఇద్దరే. మామగారు బతికినన్నాళ్ళూ మేడమీద ఒక్కడే పడుకున్నాడు. గురక అని చెప్పేవారు. హుల్డా ఆయన గురక ఒక్కనాడూ వినలేదు. 'అక్క' అయిన అత్తగారు ఏ చిన్న పనికైనా 'చెల్లెలి' ముఖం చూసి గాని కదిలేది కాదు. మామగారు పోయిన రోజు అత్తగారు మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. చిన్నత్త బకెట్టు పుచ్చుకుని పాలు పిండటానికి వెళ్ళింది. ఎంత రాతిగుండె అని ఊరంతా అనుకుంది. హుల్డా కూడా అనుకుంది.

"ఒక్క అత్తగారితో వేగలేక నా జుట్టు నెరిసింది," అంది చివరికి. "ఇద్దరా! చిన్నత్తా చిన్నత్తా అని పిలుస్తుంటే ఒక్కసారైనా నీ నోరు దురద పెట్టలేదా? నాకు పెళ్ళయిన కొత్తలో రొట్టె సరిగా కాలలేదని నువ్వు నన్ను ఏడిపించావు గుర్తుందా? సొంత అత్తగారు పల్లెత్తు మాటనదు, ఈవిడెవరు మధ్యన అని మా అమ్మ దగ్గర ఎంత తిట్టుకున్నానో!"

"రొట్టె నిజంగానే కాలలేదు."

"అబ్బ!"

"నా కొడుకు తినే రొట్టె అది. నేను కాకపోతే ఎవరంటారు?"

హుల్డాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఒళ్ళంతా మండుకొచ్చింది. "సరే. కడుపులో పెట్టుకున్నావు, ఇన్నేళ్ళు మోశావు. పోయేదాకా మోయొచ్చుగా? ఇప్పుడు, ఆదివారం ప్రార్థన పెట్టుకున్నాక, ఆ లైను మీద బెర్టా వింటుండగా, పేరు తప్పని ఎందుకన్నావు? నీ పేరే కదా చెక్కుతున్నది! నీకు కావలసింది అదే కదా!"

"అదేనా నాకు కావలసింది?" ముసలావిడ గొంతు మొదటిసారి లేచింది. "బతికుండగా నా పేరు ఒకసారి సమాధి మీద చూసుకున్నాను, చాలలేదా? నేను ఆ మట్టింట్లో దిగానా? ఆ మొదటి చలికాలం నేను చూశానా? అది చూసింది. పొయ్యిలోకి పిడకలు అయిపోతే మంచంకోళ్ళు విరిచి మంటేసుకుంది. నా బిడ్డకు తన మేజోళ్ళు విప్పి తొడిగింది. పాము కప్పులోంచి పడితే పారతో చంపింది. ఎడ్విన్‌ని కన్నప్పుడు పక్కన ఆడమనిషి లేదు. నేను వచ్చాక ఏడాదిపాటు దానితో మాట్లాడలేదు. తప్పు పట్టలేదంటే అబద్ధం. పట్టాను. ఆ తర్వాత దాని రెండో బిడ్డ దక్కలేదు. నేల గడ్డకట్టి ఉంది. ఇద్దరం చెరో పార పట్టుకుని తవ్వాం. అప్పుడు మాట్లాడాను. ఆ నేలను ఊరిగా చేసింది అది. ఆ కష్టానికి కూడా నా పేరు పెట్టేస్తే, అది పుట్టిందన్న ఆనవాలేదీ? దొరొతియా అని చెక్కించు. రాయంటూ ఉంటే అది దానిదే."

హుల్డాకు అత్తగారి పొట్టి చేతివేళ్ళు, ఎవరేమన్నా 'సరేలే' అనే గొంతు గుర్తొచ్చాయి. పోయేముందు నాలుగు రోజులు ఆమె 'అక్కా, అక్కా' అని పిలిచింది. రష్యాలో ఎవరో అక్క ఉండేదేమో అనుకున్నారంతా.

"దొరొతియా అని చెక్కిస్తే అందరూ ఎందుకని అడుగుతారు," అంది నెమ్మదిగా.

"అడగనీ."

"ఎడ్విన్ అడుగుతాడు. అతను కూతురికి కూడా క్రిస్టీనా అని పెట్టుకున్నాడు. తల్లి అంటే ప్రాణమిస్తాడు. అతనికేం చెప్తావు? మీ అమ్మకు పెళ్ళి కాలేదని చెప్తావా? రైన్‌హోల్డ్‌కి నేనేం చెప్పను? ఆ మనిషికి అసలే రక్తపోటు!"

"రైన్‌హోల్డ్‌కి తెలుసు," అంది తలుపు దగ్గరి గొంతు.

ఎప్పుడు తెరిచాడో, రైన్‌హోల్డ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది. చేతులకు గ్రీజు, భుజాల మీద గోధుమ పొట్టు. కాఫీ కోసం వచ్చినట్టున్నాడు. అరవై మూడేళ్ళ మనిషి, చర్చిలో పెద్ద, ఊళ్ళో ఎవరూ ఎదురు చెప్పరు. ఆ నిలబడటం మాత్రం ఏదో పగలగొట్టిన కుర్రాడిలా ఉంది.

ముసలావిడ నోరు తెరుచుకుంది గాని మాట రాలేదు. హుల్డా ఆవిణ్ణి అలా ఎన్నడూ చూడలేదు.

"ఏమయ్యా, నీకేం తెలుసు?" అంది హుల్డా.

"అంతా," అన్నాడు రైన్‌హోల్డ్. "స్టేషన్లో నాకు ఏడేళ్ళు. రైలు దిగగానే నన్ను పట్టుకుని చెవి మడిచి, వెనక పుట్టుమచ్చ ఉందో లేదో చూసింది. మూడేళ్ళప్పుడు విడిచిన పిల్లాడి చెవి వెనక మచ్చను తల్లి కాక ఇంకెవరు వెతుకుతారు? ఆ చెయ్యి కూడా గుర్తుంది నాకు. మర్నాడు కొట్టంలో నాన్నను అడిగాను. నాన్న గడ్డివాము మీద కూర్చుండిపోయాడు. నువ్వు నోరు తెరిస్తే తమ్ముడికి ఇంటిపేరుండదు అన్నాడు. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు."

"తెలిసి ఊరుకున్నావా!" ముసలావిడకు మాట తిరిగొచ్చింది. "యాభై ఏళ్ళ పైన పిన్నీ పిన్నీ అని పిలిచావా, గాడిదా! నీకు చెప్పలేక నేను చచ్చాను. రోజూ చచ్చాను!"

"నువ్వు మాత్రం చెప్పావా? నువ్వు చెప్పకపోతే నేనెట్లా చెప్తాను? నీకు ఇష్టం లేదనుకున్నాను."

"నాకు ఇష్టం లేకపోవడమా!"

"నాకేం తెలుసు? నువ్వెప్పుడు నోరు తెరిచినా కాళ్ళు తుడుచుకుని రా, టోపీ తియ్యి, అది తప్ప ఏమన్నావు?"

"కాళ్ళు ఎప్పుడైనా తుడుచుకున్నావా నువ్వు!"

హుల్డా రోకలితో జాడీ మీద ఠంగున కొట్టింది. ఇద్దరూ ఆగారు.

"దేవుడా, మీ ఇద్దరికీ నాలుకలిచ్చింది ఉప్పు రుచి చూడ్డానికేనా! ఒకరికి తెలియదని ఒకరు, ఒకరికి ఇష్టం లేదని ఒకరు! మధ్యలో నేను, ఆవిడను చిన్నత్తా అంటూ, ఈయన తరపున ఆవిణ్ణి సముదాయిస్తూ! ఏమయ్యా, తల్లని తెలిసి కూడా ప్రతి చిన్నదానికీ ఆవిడ మీద ఎందుకు కసురుకునేవాడివి? నాకు సిగ్గేసేది, దిక్కులేని ముసలిదాన్ని అలా అంటాడేంటా అని!"

రైన్‌హోల్డ్ టోపీని చేతుల్లో తిప్పాడు. "తల్లి మీద కాక ఎవరి మీద కసురుకుంటారు?" అన్నాడు.

ముసలావిడ తలగుడ్డ అంచు మళ్ళీ కళ్ళకు అద్దుకుంది. ఈసారి జబ్బు నీరు కాదు. హుల్డా చూడనట్టు చూపు తిప్పుకుని, రోకలిని మెల్లగా ఆవిడ ఒళ్ళో పెట్టింది.

ఆ తర్వాత రైన్‌హోల్డే, చర్చి పద్దులు మాట్లాడే గొంతుతో, "దుకాణం వాడికి ఫోను చెయ్యి. క్రిస్టీనా అనే చెక్కమను. విషయం ఇక్కడితో ముగిసింది," అన్నాడు.

"ముగియలేదు. దొరొతియా," అంది తల్లి.

"ఎడ్విన్ తట్టుకోలేడు."

"వాడి తల్లి తట్టుకుంది. వాడూ తట్టుకుంటాడు."

"వాడికి తెలియకుండా ఉంచడానికే కదా నువ్వూ నేనూ ఇన్నేళ్ళు..."

"అందుకేరా ఇక చాలంటున్నాను. నేను పోతే ఈ మాట చెప్పేవాళ్ళుండరు. నువ్వు చెప్పవు. నీ సంగతి ఇప్పుడే తెలిసిందిగా!"

మళ్ళీ మొదలు. ఇవతల కంచె, అవతల కంచె. వసంతకాలం నుంచీ ఈ గొంతులే విని విని హుల్డా చెవులు చిల్లులు పడ్డాయి. ఈ మొండితనం ఎవరి నుంచి వచ్చిందా అని ఇన్నాళ్ళూ ఆశ్చర్యపోయింది. ఆ ఇద్దరి దవడలూ ఒకేలా ముందుకు పొడుచుకు వచ్చి ఉన్నాయి. ఎన్నిసార్లు ఒకే బల్ల మీద వడ్డించింది వాళ్ళకు! ఒక్కసారైనా చూడలేదే!

"నేనొక మాట చెప్తాను, వింటారా..." అని మొదలుపెట్టిందో లేదో, ట్రక్కు ఒకటి కోళ్ళను చెదరగొడుతూ పెరట్లోకి వచ్చి ఆగింది. తలుపు ధడాలున వేసిన చప్పుడు. ఆ చప్పుడు ఎవరిదో ముగ్గురికీ తెలుసు.

ఎడ్విన్ గుమ్మంలో అన్నను తోసుకుని లోపలికి వచ్చాడు. మనిషి పొట్టి, ఛాతీ వెడల్పు, కోపం వస్తే చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడు మెడ దాకా ఎర్రగా ఉన్నాడు.

"బెర్టా ఫోను చేసింది మా ఆవిడకి," అన్నాడు రొప్పుతూ. "రాయి మీద మా అమ్మ పేరు తప్పని ఎవరో చెక్కడం ఆపించారట. ఎవరో కాదు, నువ్వేనట. నిజమేనా పిన్నీ?"

"నిజమే," అంది ముసలావిడ.

"ఎడ్విన్, ముందు కూర్చో, కాఫీ తెస్తాను," అంది హుల్డా.

"నాకు కాఫీ వద్దు వదినా. నాకు జవాబు కావాలి." ముసలావిడ మీదకు వంగాడు. "మా అమ్మ నిన్ను చేరదీసింది. ఇల్లూ వాకిలీ లేకుండా వస్తే పడుకోవడానికి గదిచ్చింది, తిండి పెట్టింది. ఆవిడ నోట్లో నాలుక లేదని ఆవిడ ఇంట్లోనే ఆవిడ మీద పెత్తనం చేశావు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఊరుకున్నాను. ఇప్పుడు పోయినదాని పేరు కూడా రాయి మీద ఉండకూడదా నీకు? అక్క పేరు చూసినా ఓర్వలేనంత..."

"ఎడ్విన్," అన్నాడు రైన్‌హోల్డ్.

"నువ్వాగు అన్నయ్యా! ఆవిణ్ణి వెనకేసుకు రాకు. ఒకరి మీద ఆధారపడి బతికిన మనిషి..."

"నోరుముయ్యి!" రైన్‌హోల్డ్ ఒక్క అంగలో వచ్చి తమ్ముడి చొక్కా పట్టుకున్నాడు. గిన్నెలన్నీ కదిలేలా అరిచాడు. "ఇంకొక్క మాట! మా అమ్మను ఇంకొక్క మాట అన్నావంటే చూడు!"

అరుపు ఆగిపోయాక గాని అతనికి తానేమన్నాడో తెలియలేదు. పట్టు సడలింది. హుల్డా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముసలావిడ ఇద్దరిలో ఎవరి వైపూ చూడకుండా రోకలిని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

ఎడ్విన్ చొక్కా సర్దుకోలేదు. అన్న ముఖం చూశాడు. స్టూలు మీది ముసలావిడను చూశాడు. మళ్ళీ అన్నను చూశాడు. అతని చెవుల్లో ఎరుపు మెల్లగా దిగిపోయింది.

"అమ్మ పోయి చాలా ఏళ్ళయింది అన్నయ్యా," అన్నాడు, ఎవరూ ఎన్నడూ వినని చిన్న గొంతుతో. "ఇప్పుడు నువ్వు ఎవరిని అమ్మ అన్నావు?"